గాలి పరీక్షకు దొరకనిది మూత్రంలో దొరుకుతుంది

పాలీయురేథేన్ రోలర్లు, చక్రాలు పోతపోసే చోట్ల ఆ పదార్థం గట్టిపడడానికి మోకా అనే రసాయనం కలుపుతారు. మామూలు వేడిలో అది గాలిలోకి పెద్దగా లేవదు. అందువల్ల పనివాళ్ల నడుముకు చిన్న పంపు, కాలర్‌కు దాని గొట్టం తగిలించి గాలి నమూనా తీస్తే చాలాసార్లు లెక్కలోకి వచ్చేంత ఏమీ దొరకదు. రిపోర్టు బాగుందని అందరూ ఊరట పడతారు. అదే మనుషుల మూత్రం పరీక్షిస్తే మాత్రం మోకా బయటపడుతుంది.

అది ఎక్కడి నుంచి వచ్చినట్టు? ఎక్కువగా చర్మం గుండా. బల్ల అంచున, తలుపు పిడి మీద, తూకం యంత్రం మీటల మీద కంటికి కనిపించని పొరలా పేరుకుని ఉంటుంది. గ్లౌజులు విప్పేటప్పుడు బయటి వైపు వేళ్లకు తగులుతుంది. మళ్లీ అవే గ్లౌజులు తొడుక్కుంటే, ఆ మరక ఈసారి లోపలి వైపు ఉంటుంది. మంట పుట్టదు, దురద రాదు, వాసన తెలియదు. అయినా అది మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి, తన జాబితాలో మొదటి గ్రూపులో పెట్టింది. ఇలాంటి రసాయనంతో పనిచేసేవాళ్లకు గాలి పరీక్ష ఒక్కటే చేసి ఊరుకుంటే చూడాల్సిన దారిని వదిలేసి వేరే దారికి కాపలా కాసినట్టే.

పని చేసే చోట ప్రమాదకర రసాయనాలు ఎంత మేరకు ఒంట్లోకి చేరుతున్నాయో మూత్రం, రక్తం లాంటివాటి ద్వారా కొలిచే పద్ధతిని బయలాజికల్ మానిటరింగ్ అంటారు. మూత్రంతో చేసేది బయటికి మామూలు యూరిన్ టెస్టులాగే ఉంటుంది. చిన్న సీసా, పేరు రాసిన లేబుల్, రెండు మూడు రోజుల్లో రిపోర్టు. కానీ దాని వెనక ఉన్న లెక్క చాలా సున్నితమైనది. ఏ రసాయనానికి ఏ గుర్తు వెతకాలి, ఏ గంటకు శాంపిల్ తీయాలి, వచ్చిన అంకెను దేనితో పోల్చాలి అన్న మూడింటిలో ఏది తప్పినా రిపోర్టు మీద అంకె ఉంటుంది గానీ దానికి అర్థం ఉండదు. ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఈ పరీక్ష పని చేసే చోటును ప్రశ్నించడానికి పుట్టింది. దాన్ని పనివాడి మీద తీర్పుగా వాడడం మొదలుపెడితే దాని ప్రయోజనమే దెబ్బతింటుంది.

ఒంటిలోకి వెళ్లినది ఏ రూపంలో బయటికి వస్తుంది

గాలి నమూనా చెప్పేది మనిషి చుట్టూ ఏముందో. మూత్రం చెప్పేది మనిషి లోపలికి ఎంత వెళ్లిందో. ఈ రెండూ ఒకటి కావు. ఒకే గదిలో, ఒకే గాలిలో ఇద్దరు పని చేస్తున్నారనుకోండి. ఒకరు కూర్చుని మీటర్లు చూస్తారు, ఇంకొకరు బస్తాలు మోస్తారు. బరువు పని చేసే మనిషి నిమిషానికి పీల్చే గాలి కూర్చున్న మనిషి పీల్చేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఒకరి మాస్కు ముఖానికి అతుక్కుని ఉంటుంది, మరొకరిది గడ్డం వల్ల వదులుగా ఉంటుంది. ఒకరు చేతులు కడుక్కుని తింటారు, మరొకరికి అందుకు తీరిక ఉండదు. ముక్కు, చర్మం, నోరు అన్న మూడు దారుల్లో ఏది ఎంత అన్న విడి లెక్క మూత్రం చెప్పదు గానీ మొత్తం మాత్రం చెబుతుంది.

సీసం, పాదరసం, కాడ్మియం లాంటి లోహాలు శరీరంలో లోహాలుగానే ఉంటాయి కాబట్టి వాటిని నేరుగా కొలవొచ్చు. థిన్నర్లు, జిగురులు, పెయింట్లలో ఉండే ద్రావకాల సంగతి వేరు. అవి కొవ్వులో కరుగుతాయి, నీళ్లలో అంతగా కరగవు. వాటిని బయటికి పంపడానికి కాలేయం వాటి రూపం మార్చి నీళ్లలో కరిగేలా చేస్తుంది. తర్వాత కిడ్నీలు వడకట్టి పంపేస్తాయి. అందువల్ల మూత్రంలో మనం ఎక్కువగా వెతికేది అసలు రసాయనాన్ని కాదు, కాలేయం చేతిలో పడి మారిన దాని రూపాన్ని. హెక్సేన్ కలిసిన జిగురులతో ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బతింటాయి. ఆ నరాలను దెబ్బతీసేది హెక్సేన్ నుంచి శరీరంలో తయారయ్యే 2,5-హెక్సేన్‌డయోన్. మూత్రంలో కొలిచేదీ దాన్నే. హాని చేసే పదార్థమే కొలతకూ దొరకడం ఈ రంగంలో అరుదైన సౌకర్యం.

బెంజీన్ కథ ఇంత సూటిగా సాగలేదు. కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ పరీక్షల్లోని కష్టమంతా అందులో కనిపిస్తుంది.

బెంజీన్ ఎముక మజ్జను దెబ్బతీస్తుంది, రక్త క్యాన్సర్ తెస్తుంది. 1936లోనే అమెరికా గనుల శాఖ పరిశోధకులు మూత్రంలోని సల్ఫేట్ల తీరును బట్టి బెంజీన్ ఎంత ఒంట్లోకి వెళ్లిందో అంచనా కట్టే పద్ధతి ప్రచురించారు. తర్వాత ఫీనాల్‌ను కొలవడం వాడుకలోకి వచ్చింది. బెంజీన్‌ను కాలేయం ఎక్కువ భాగం ఫీనాల్‌గా మారుస్తుంది కాబట్టి అది సబబైన ఆలోచనే. గాలిలో బెంజీన్ పదుల పీపీఎంలలో (పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు) ఉన్న రోజుల్లో బాగానే పనిచేసింది. అయితే రసాయనాల వాసన ఎరగని మనిషి మూత్రంలో కూడా ఫీనాల్ ఉంటుంది. తిన్న తిండి నుంచి, కొన్ని మందుల నుంచి వస్తూనే ఉంటుంది. గాలిలో బెంజీన్ సుమారు 5 పీపీఎం కంటే తగ్గిందంటే, దాని వల్ల వచ్చిన ఫీనాల్‌నూ తిండి వల్ల వచ్చిన ఫీనాల్‌నూ విడదీయలేం. 1987లో అమెరికా ఆక్యుపేషనల్ సేఫ్టీ సంస్థ ఓషా పని చేసే చోటి గాలిలో బెంజీన్ హద్దును 1 పీపీఎంకు దించింది. ఆ హద్దు దగ్గర ఫీనాల్ పరీక్ష గుడ్డిదైపోయింది.

దాని స్థానంలో మ్యూకోనిక్ ఆసిడ్ వచ్చింది. ఇది ఇంకా చిన్న మోతాదులను పట్టుకుంటుంది. కానీ నిల్వ ఆహారం పాడవకుండా కలిపే సార్బిక్ ఆసిడ్‌లో కొంత భాగాన్ని కూడా శరీరం మ్యూకోనిక్ ఆసిడ్‌గానే మారుస్తుంది. ప్యాకెట్ తిండి ఎక్కువ తిన్న మనిషి బెంజీన్ పీల్చిన మనిషిలా కనిపించవచ్చు. ఆ తర్వాత వచ్చినది ఎస్-ఫినైల్ మెర్కాప్ట్యూరిక్ ఆసిడ్. ఇది బెంజీన్‌కే ప్రత్యేకం, తిండి నుంచి రాదు. అయితే పొగాకు పొగలో బెంజీన్ ఉంటుంది కాబట్టి సిగరెట్ తాగేవాళ్లలో ఎక్కువే కనిపిస్తుంది. దీన్ని తయారుచేయడంలో పాలుపంచుకునే ఒక ఎంజైము కొందరికి పుట్టుకతోనే ఉండదు. వాళ్లు అంతే బెంజీన్ పీల్చినా మూత్రంలో ఈ గుర్తు తక్కువగా వస్తుంది.

దీన్నిబట్టి ఒకటి గట్టిగా చెప్పొచ్చు. గాలి హద్దు దిగినప్పుడల్లా దానికి తగ్గ గుర్తునూ మార్చుకోవాలి. ఈ రోజుల్లో రోజువారీ బెంజీన్ తనిఖీ పేరుతో ఎవరైనా ఫీనాల్ పరీక్ష చేస్తుంటే ఆ 'నార్మల్' అన్న మాటకు విలువ లేదు. ఓషా నిబంధనల్లో ఫీనాల్ పరీక్ష ఇప్పటికీ ఉన్నా, అది ఎక్కడో లీకై ఒక్కసారిగా పెద్ద మోతాదు మీద పడిన అత్యవసర సందర్భానికి మాత్రమే. షిఫ్ట్ చివర శాంపిల్ తీసి, 72 గంటల్లోపు పరీక్షించాలంటారు. పెద్ద మోతాదును పట్టడానికి ఆ పాత గుర్తు చాలు.

టొల్యూన్‌కూ ఇదే గతి పట్టింది. ఎన్నో ఏళ్లు హిప్యూరిక్ ఆసిడ్ కొలిచేవారు. కూల్‌డ్రింకుల్లో, సాసుల్లో వేసే సోడియం బెంజోయేట్ కూడా ఒంట్లో హిప్యూరిక్ ఆసిడ్‌గానే మారుతుందని తెలిసినా, హద్దులు పెద్దవిగా ఉన్నంత కాలం నడిచిపోయింది. హద్దులు దిగాక అది పక్కకు తప్పుకోక తప్పలేదు. ఇప్పుడు ఆర్థో-క్రెసాల్‌ను గానీ, మూత్రంలో మారకుండా మిగిలిన టొల్యూన్‌ను గానీ చూస్తున్నారు.

ఏ గంటకు తీశారు?

రిపోర్టు చేతికొచ్చినప్పుడు అంకె కంటే ముందు చూడాల్సింది శాంపిల్ తీసిన సమయం. ఒంట్లోని రసాయనం సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఇది రసాయనానికో రకం. కార్ పెయింట్లలో వాడే ఐసోసైనేట్ల గుర్తులు కొన్ని గంటల్లోనే పడిపోతాయి. లోహ భాగాల జిడ్డు తీయడానికి వాడే ట్రైక్లోరోఇథిలీన్ నుంచి వచ్చే ట్రైక్లోరోఎసిటిక్ ఆసిడ్ రోజుల తరబడి ఉండి వారమంతా పోగవుతుంది. పాదరసానికి సుమారు రెండు నెలలు పడుతుంది. కాడ్మియం కిడ్నీల్లో పదేళ్లు, ఇరవై ఏళ్లు, ఇంకా ఎక్కువ కాలం కూడా కూర్చుంటుంది.

అందువల్ల ఐసోసైనేట్లకు పని అయిన వెంటనే శాంపిల్ ఇవ్వాలి. మర్నాడు ఉదయం ఇస్తే నిన్నటి రసాయనం చాలా వరకు వెళ్లిపోయి ఉంటుంది, రిపోర్టు నిక్షేపంలా కనిపిస్తుంది. ట్రైక్లోరోఇథిలీన్‌కు వారం చివరి షిఫ్ట్ అయ్యాక తీయాలి. సెలవు తర్వాత మొదటి రోజు తీస్తే అసలు భారం తెలియదు. కాడ్మియానికి ఏ రోజు ఏ గంట అన్నది పెద్ద లెక్కే కాదు. క్యాంపు పెట్టి అందరి దగ్గరా ఉదయం పదింటికి సీసాలు సేకరించడం ఏర్పాటు చేసేవాళ్లకు సులువు. ఆ సులువు కోసం సమయం మార్చారంటే కొన్ని రసాయనాల విషయంలో పరీక్ష చేయనట్టే లెక్క.

ఐసోసైనేట్ల గురించి కొంచెం దగ్గరగా చూద్దాం. స్ప్రే బూత్‌లో పెయింటర్ గాలి సరఫరా ఉన్న హుడ్ పెట్టుకుని కారు మీద పెయింట్ కొడతాడు. గన్ ఆపుతాడు. వెంటనే ముఖం మీది వైజర్ పైకెత్తి, మెరుపు ఎలా వచ్చిందో, ఎక్కడైనా కారిందో దగ్గరికి వంగి చూస్తాడు. వైజర్ మీద పడిన తుంపర వల్ల సరిగ్గా కనిపించదు కాబట్టి ఎత్తక తప్పదని అతనికి అనిపిస్తుంది. ఆ క్షణంలో గాలి తేటగా కనిపిస్తుంది. కానీ కంటికి ఆనని సన్నటి మంచు బూత్‌లో ఇంకా తేలుతూనే ఉంటుంది. అది పూర్తిగా పోవడానికి బూత్‌ను బట్టి కొన్ని నిమిషాలు పడుతుంది, మామూలు గదిలోనైతే అంతకంటే చాలా ఎక్కువ. ఖరీదైన పరికరం ముఖానికే ఉన్నా ఉబ్బసం తెచ్చే రసాయనం ఆ కొద్దిపాటి వ్యవధిలో లోపలికి పోతుంది. బ్రిటన్‌లో పని భద్రత చూసే ప్రభుత్వ సంస్థ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ ఈ వైజర్ ఎత్తే అలవాటును ప్రత్యేకంగా ఎత్తిచూపి, పెయింటర్లకు మూత్ర పరీక్షలు చేయించమని గట్టిగా చెప్పింది. బూత్ గాలి తేటపడడానికి ఎంతసేపు పడుతుందో కొలిచి, ఆ సమయాన్ని తలుపు మీద రాసి పెట్టమంది. పరీక్ష అంటే ఇలా పని తీరులోని ఒక చిన్న కదలిక దాకా వెళ్లగలగాలి.

పలుచనా, చిక్కనా

మంచినీళ్లు ఎక్కువ తాగిన మనిషి మూత్రం పలుచగా ఉంటుంది, కొలిమి పక్కన చెమటోడ్చిన మనిషిది చిక్కగా ఉంటుంది. చెంచాడు ఉప్పును గ్లాసు నీళ్లలో కలిపితే ఒక రుచి, బకెట్ నీళ్లలో కలిపితే ఇంకో రుచి, కానీ వేసిన ఉప్పు ఒకటే. ఈ తేడాను సరిచేయడానికి క్రియాటినిన్‌ను కూడా కొలుస్తారు. కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో వచ్చే పదార్థం కాబట్టి దాన్ని ఆసరాగా తీసుకుని, 'గ్రాము క్రియాటినిన్‌కు ఇన్ని మైక్రోగ్రాములు' అని లెక్క చెబుతారు. క్రియాటినిన్ లీటరుకు 0.3 గ్రాముల కంటే తక్కువగా గానీ, 3 గ్రాముల కంటే ఎక్కువగా గానీ ఉంటే ఆ శాంపిల్‌ను పక్కన పెట్టి మరొకటి అడగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

ఈ సవరణ కూడా అన్నిటికీ నప్పదు. కండ బలం ఉన్న యువకుడికీ సన్నటి పెద్దావిడకీ క్రియాటినిన్ ఒకేలా ఉండదు. మిథనాల్ లాంటివి రక్తం నుంచి నీటితో పాటు వాటంతట అవే మూత్రంలోకి చేరతాయి. వాటికి క్రియాటినిన్ సవరణ చేస్తే ఉన్న లెక్క కాస్తా తప్పుతుంది.

శాంపిల్ ఎక్కడ తీశారన్నదీ ముఖ్యమే. మనం మాట్లాడుతున్నవి మైక్రోగ్రాములు. క్రోమియం దుమ్ము పడిన చొక్కా చేతి నుంచి ఒక రేణువు సీసాలో రాలినా చాలు, మనిషి ఒంట్లో లేనిది రిపోర్టులో ఉంటుంది. పని బట్టలు మార్చుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని, షాప్‌ఫ్లోర్‌కు దూరంగా ఇవ్వాలని చెప్పేది అందుకే. ద్రావకాల శాంపిల్ విషయంలో దీనికి తిరగబడిన ప్రమాదం. సీసా సగమే నింపి మూత వదులుగా పెడితే రసాయనం ఖాళీలోకి ఆవిరై లెక్క తగ్గుతుంది.

ఇక తిండి, అలవాట్లు. సముద్రపు చేపలు, రొయ్యలు తిన్నవాళ్ల మూత్రంలో ఆర్సెనిక్ విపరీతంగా పెరుగుతుంది, కానీ అది చాలా వరకు ఆర్సెనోబిటైన్ అనే, విషం కాని రూపం. మొత్తం ఆర్సెనిక్ కొలిచే ల్యాబ్ ఆ మనిషిని అనవసరంగా భయపెడుతుంది. విషమైన అకర్బన ఆర్సెనిక్‌నూ అది మారిన రూపాలనూ విడిగా కొలవగల ల్యాబ్ కావాలి, పరీక్షకు ముందు కొన్ని రోజులు సముద్రపు ఆహారం మానమని ముందే చెప్పాలి. అనిలిన్‌తో పనిచేసేవాళ్లలో వెతికే పారా-అమైనోఫీనాల్ పారాసిటమాల్ మాత్ర వేసుకున్నా వస్తుంది. మద్యం దీనికి భిన్నంగా పనిచేస్తుంది. టొల్యూన్, జైలీన్ లాంటి వాటిని మార్చే కాలేయం పని మద్యం వల్ల మందగిస్తుంది. దాంతో రసాయనం రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది, మూత్రంలో మాత్రం గుర్తు తక్కువగా కనిపిస్తుంది. అంటే ప్రమాదం పెరిగినప్పుడే రిపోర్టు బాగున్నట్టు అనిపిస్తుంది. నా దృష్టిలో శాంపిల్‌తో పాటు నింపించే ప్రశ్నల కాగితానిది ఈ పరీక్షలో సగం పాత్ర. ఏం పని చేశారు, ఎంతసేపు, ఏ గ్లౌజులు, ఏం తిన్నారు, ఏ మందులు, పొగ తాగుతారా అన్నవి లేకుండా వచ్చిన అంకెను ఏ డాక్టరూ సరిగ్గా చదవలేడు.

అన్నిటికీ మూత్రమే సమాధానం అనుకోవడం కూడా పొరపాటే. క్లోరిన్, అమ్మోనియా తగిలిన చోటే కాల్చేస్తాయి, వాటిని మూత్రంలో వెతికి లాభం లేదు. సిలికా, ఆస్బెస్టాస్ ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేస్తాయి. సీసానికి రక్తమే నమ్మకమైన కొలమానం. పాదరసంలోనూ తేడాలున్నాయి. థర్మామీటర్లలో ఉండే లోహ పాదరసానికి మూత్రం సరిపోతుంది, కర్బనంతో కలిసిన (ఆర్గానిక్) పాదరసానికి రక్తం కావాలి. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ కారెన్ వెటర్‌హాన్ ఉదంతం దీనికి బాధాకరమైన ఉదాహరణ. 1996 ఆగస్టులో ల్యాబ్‌లో కొన్ని చుక్కల డైమిథైల్ మెర్క్యురీ అనే కర్బన పాదరసం ఆమె రబ్బరు గ్లౌజు మీద పడింది. గ్లౌజు దాన్ని ఆపలేకపోయింది. నెలల తర్వాత లక్షణాలు బయటపడి పరీక్షిస్తే రక్తంలో లీటరుకు 4000 మైక్రోగ్రాముల పాదరసం ఉంది, మూత్రంలో 234. రెండూ ప్రమాదకరమైనవే, కానీ అసలు తీవ్రత ఎంతో చెప్పింది రక్తం. ఆమె 1997 జూన్‌లో చనిపోయారు. అలాంటి పదార్థాలకు ఏ గ్లౌజు ఆగుతుందన్న విషయాన్ని ల్యాబులు మళ్లీ మొదటి నుంచి ఆలోచించాల్సి వచ్చింది.

హద్దు దాటితే ఏం చేయాలి

రిపోర్టులో మీ అంకె పక్కన ఇంకో అంకె ఉంటుంది. దాని కింద ఉంటే క్షేమం, పైన ఉంటే రోగం అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ హద్దులు ఎలా పుట్టాయో తెలిస్తే అర్థమవుతుంది. అమెరికాలో పరిశ్రమల ఆరోగ్య నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ ఇచ్చే సూచికల్లో చాలా వాటి అర్థం ఇది: గాలిలో రసాయనం హద్దు మేరకు ఉన్నప్పుడు, దాన్ని పీల్చిన ఆరోగ్యవంతుడి మూత్రంలో సుమారుగా ఇంత ఉంటుందని. బ్రిటన్‌లో మోకా లాంటి కొన్నిటికి పెట్టిన హద్దుల అర్థం ఇంకో రకం: జాగ్రత్తలు బాగా పాటించే ఫ్యాక్టరీల్లో నూటికి 90 ఫలితాలు ఇంతకంటే తక్కువగానే ఉన్నాయి, కాబట్టి మీ దగ్గరా అది సాధ్యమే అని. క్యాన్సర్ తెచ్చే పదార్థాలకు ఈ అంకె కింద ఉంటే ఏమీ కాదని హామీ ఇవ్వలేరు గనకే అలాంటి కొలబద్ద ఎంచుకున్నారు.

అంకె కాస్త పెరిగిందంటే జబ్బు వచ్చిందని కాదు, రసాయనం లోపలికి వస్తున్న దారి ఒకటి తెరిచి ఉందని. ముందు మరో శాంపిల్ తీసి ఖాయం చేసుకోవాలి. తర్వాత గుంపుగా చూడాలి. ఆ విభాగంలో అందరికీ పెరిగితే గాలి లాగే ఫ్యాన్లనో, రసాయనాన్ని వాడే తీరునో అనుమానించాలి. ఒక్కరికే పెరిగితే ఆ మనిషి చేసే ప్రత్యేకమైన పని చూడాలి. టాంకు కడిగేది అతనొక్కడే కావచ్చు, అతని సైజు గ్లౌజులు స్టోర్‌లో లేకపోవచ్చు. 'అతను జాగ్రత్తగా ఉండడు' అని ఫైలు మూసేయడం అన్నిటికంటే తేలికైన పని, తరచూ తప్పయిన పని కూడా. మనిషిని వేరే విభాగానికి మార్చి అతని చోట ఇంకొకరిని పెడితే తెరిచి ఉన్న దారి అలాగే ఉంటుంది, లోపలికి తీసుకునే మనిషి మారతాడు, అంతే.

పరీక్ష చివరికి తమ మీదికే వస్తుందన్న భయం పనివాళ్లలో ఉంటుంది, ఉండడంలో తప్పులేదు. మూత్రం సీసా అనగానే డ్రగ్స్ కోసమా, గర్భం కోసమా, ఉద్యోగం తీసేయడానికా అన్న టెన్షన్ మొదలవుతుంది. అందుకే ముందుగా ఏ రసాయనం కోసం పరీక్షిస్తున్నారో రాతపూర్వకంగా చెప్పి, సంతకం తీసుకుని, ఆ ఒక్కటి తప్ప ఇంకేదీ పరీక్షించకూడదు. ఫలితం ముందు ఆ మనిషికి తెలియాలి. యాజమాన్యానికి కావలసింది విభాగం మొత్తం తీరు, పేర్లు కాదు. ఓషా కాడ్మియం నిబంధనలు ఈ విషయంలో ఒక మెట్టు పైకెళ్లాయి. 1999 నుంచి మూత్రంలో కాడ్మియం గ్రాము క్రియాటినిన్‌కు 7 మైక్రోగ్రాములు దాటితే ఆ మనిషిని కాడ్మియం పని నుంచి తప్పించాలి, అలా తప్పించినప్పుడు 18 నెలల వరకు జీతం, ఇతర ప్రయోజనాలు తగ్గించకూడదు. ఈ రక్షణ ఉంటేనే మనిషి నిజాయితీగా శాంపిల్ ఇస్తాడు, పరీక్షకు వారం ముందు నుంచి పనిలోంచి తప్పుకునే ప్రయత్నం చేయడు.

అదే కాడ్మియం విషయంలో, పని చేసే చోటును బాగుచేశాక మళ్లీ పరీక్షించేవాళ్లు తరచూ నిరాశ పడతారు. కొత్త ఫ్యాన్లు పెట్టారు, దుమ్ము లేవకుండా తడి పద్ధతికి మారారు, ఆరు నెలలకు చూస్తే మూత్రంలో అంకె కదలదు. మార్పులు పనికిరాలేదని అప్పుడే తీర్మానించకూడదు. మూత్రం చెబుతున్నది కిడ్నీల్లో ఏళ్లుగా పేరుకున్న భారం, అది నెలల్లో కరగదు. ఇటీవలి నెలల్లో ఎంత చేరిందో తెలియాలంటే రక్తంలో కాడ్మియం చూడాలి. కిడ్నీలు దెబ్బతినడం మొదలైందేమో తెలియాలంటే మూత్రంలోనే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ చూడాలి. రక్తంలో కాడ్మియం తగ్గుముఖం పట్టి, ఆ ప్రోటీన్ పెరగకుండా ఉంటే ఫ్యాన్లు పని చేస్తున్నట్టే, మూత్రంలోని కాడ్మియం అంకె ఇంకా కొన్నేళ్లు అక్కడే ఉన్నా సరే.